ఇంటికి సోలార్, బ్యాటరీ ఇన్వర్టర్ వైరింగ్: ప్రమాదం లేని బ్యాకప్‌కు సమగ్ర మార్గదర్శి

మెయిన్ స్విచ్ దించితే ఇంట్లో కరెంటు లేనట్టే. చిన్నప్పటి నుంచీ మనకు తెలిసిన లెక్క ఇది. ఇంట్లోకి ఇన్వర్టర్, బ్యాటరీ, సోలార్ ప్యానెల్ వచ్చిన రోజు నుంచి ఆ లెక్క చెల్లదు. మెయిన్ దించగానే ఇన్వర్టర్ అందుకుని బ్యాటరీ నుంచి కరెంటు ఇస్తుంది. బ్యాటరీ తీసేసినా పైకప్పు మీద ఎండ ఉన్నంతసేపు ప్యానెల్ వైర్లలో వోల్టేజీ ఉంటుంది. ప్యానెల్‌కు స్విచ్ ఉండదు, సూర్యాస్తమయమే దాని స్విచ్.

అందుకే ఈ పని చేసేటప్పుడు ప్రతి వైరు దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోవడం నాకు అలవాటు. దీనిలోకి కరెంటు ఎటునుంచి ఎటునుంచి రావచ్చు? వచ్చేదాన్ని ఎక్కడ ఆపగలను? ఈ రెండింటికీ జవాబు తెలియని వైరు ఒక్కటి ఉన్నా సిస్టమ్ ఆన్ చేయకూడదు. కింద రాసినదంతా ఆ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

ఒక మాట ముందే. లోడు లెక్క, డ్రాయింగ్, సామాను ఎంపిక, ప్యానెళ్లను ఫ్రేముకు బిగించడం, బ్యాటరీ స్టాండ్ పెట్టడం చేతి పని వచ్చిన ఎవరైనా చేసుకోవచ్చు. మెయిన్ బోర్డులో చెయ్యి పెట్టే పని, గ్రిడ్‌కు (వీధి సరఫరా లైనుకు) కలిపే పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌దే. గ్రిడ్‌కు కలిపేటప్పుడు సరఫరా సంస్థ అనుమతి కూడా కావాలి. మీరు స్వయంగా చేయకపోయినా ఇది చదివితే, చేసేవాళ్లను ఏం అడగాలో తెలుస్తుంది.

ముందుగా: మీ దగ్గరున్నది ఏ రకం ఇన్వర్టర్?

ఇన్వర్టర్ అనే ఒకే పేరుతో మూడు వేర్వేరు యంత్రాలు అమ్ముడవుతాయి.

గ్రిడ్-టై ఇన్వర్టర్‌కు బ్యాటరీ ఉండదు. ప్యానెళ్ల కరెంటును నేరుగా లైనులోకి పంపుతుంది. లైను పోగానే ఇదీ ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నం ఎండ మండుతున్నా సరే. చాలామంది దీన్ని లోపం అనుకుని గొడవపడతారు. అది లోపం కాదు, కావాలని పెట్టిన రక్షణ. కరెంటు తీసి స్తంభమెక్కి పని చేసుకుంటున్న లైన్‌మన్ వైపు మీ ఇంటి కరెంటు వెళ్లకుండా ఆపేదే అది. దీన్ని యాంటీ-ఐలాండింగ్ అంటారు. బ్యాకప్ కావాలంటే ఈ రకం ఒక్కటే సరిపోదు.

ఆఫ్-గ్రిడ్ ఇన్వర్టర్, లేదా మనం ఇంట్లో వాడే హోమ్ యూపీఎస్, బ్యాటరీతో నడుస్తుంది. లైను ఉన్నప్పుడు ఛార్జ్ చేసుకుంటుంది, పోయినప్పుడు తానే ఇస్తుంది. సోలార్ ఛార్జ్ కంట్రోలర్ (ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు ఇచ్చేది) కొన్నింటిలో లోపలే ఉంటుంది, కొన్నింటికి విడిగా పెట్టుకోవాలి.

హైబ్రిడ్ ఈ రెండు పనులూ చేస్తుంది. దీనికి సాధారణంగా రెండు ఏసీ టెర్మినళ్లు ఉంటాయి: ఒకటి గ్రిడ్‌కు, ఇంకొకటి బ్యాకప్ లోడ్లకు. ఈ రెండూ ఇంట్లో ఎక్కడా, పొరపాటున కూడా, కలవకూడదు.

మొదటి మెట్టు: కాగితం మీద లోడు

బ్యాకప్ మీద ఏమేం నడవాలో రాయండి. ఉదాహరణకు 6 లైట్లకు 60 వాట్లు, 3 ఫ్యాన్లకు 210, వైఫై రౌటర్‌కు 15, ల్యాప్‌టాప్‌కు 65, ఫ్రిజ్‌కు 150. అన్నీ ఒకేసారి నడిస్తే 500 వాట్లు. 4 గంటలు కావాలనుకుందాం. ఫ్రిజ్ కంప్రెసర్ నిరంతరం నడవదు కాబట్టి దానికి 40 శాతం సమయమే వేసుకుంటే 240 వాట్-అవర్లు. మిగతా 350 వాట్లకు 1,400. మొత్తం 1,640. ఇన్వర్టర్ తన వంతుగా తినేది కలిపితే దాదాపు 1,900.

బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయలేం. లెడ్-యాసిడ్‌ను సగం దాకా వాడుకుంటేనే నాలుగు కాలాలు ఉంటుంది, కాబట్టి దానికి 3,800 వాట్-అవర్లు కావాలి. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలు రెండు కలిపితే 3,600, దాదాపు సరిపోతాయి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 80 శాతం దాకా వాడుకోవచ్చు, 2,400 చాలు. 25.6 వోల్టుల 100 ఏహెచ్ ప్యాక్‌లో 2,560 ఉంటుంది.

ఇన్వర్టర్ సైజు చూసేటప్పుడు మోటార్లను మర్చిపోవద్దు. ఫ్రిజ్ కంప్రెసర్ స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలు కంటే ఐదారు రెట్లు లాగుతుంది. 150 వాట్ల ఫ్రిజ్ క్షణంపాటు 900 వాట్లు అడగవచ్చు. పై లెక్కకు 1,000 వాట్లు నిలకడగా, దానికి రెట్టింపు క్షణకాలం ఇవ్వగల సైన్ వేవ్ ఇన్వర్టర్ సరిపోతుంది. గీజర్, ఇస్త్రీపెట్టె, ఏసీ, నీళ్ల మోటారు బ్యాకప్ వైపు పెట్టకండి. డబ్బా మీద రాసేది వీఏ (వోల్ట్-ఆంపియర్), మీరు లెక్కేసింది వాట్లు. రెండూ ఒకటి కావు, సాధారణంగా వాట్లే తక్కువ. స్పెసిఫికేషన్ షీటులో వాట్ల అంకె చూసి కొనండి.

రెండో మెట్టు: 12, 24, 48 వోల్టుల్లో ఏది?

ఇది ఖర్చు విషయం అనుకుంటారు గానీ నిజానికి వేడి విషయం. 1,000 వాట్లు లాగాలంటే, బ్యాటరీ దిగిపోయి 22 వోల్టుల దగ్గర ఉన్నప్పుడు 24 వోల్టుల సిస్టమ్‌లో ఇన్వర్టర్ తినేది కూడా కలిపి సుమారు 52 ఆంపియర్లు పారతాయి. అదే 12 వోల్టుల సిస్టమ్ అయితే 104. బ్యాటరీకీ ఇన్వర్టర్‌కూ మధ్య 2 మీటర్ల దూరం, 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ అనుకోండి. రానూపోనూ 4 మీటర్లు. 24 వోల్టుల దాంట్లో ఆ కేబుల్లో పోయేది 8 వాట్లు. 12 వోల్టుల దాంట్లో 30. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు అవుతుంది.

వెయ్యి వాట్ల లోపు 12 వోల్టులు, రెండు మూడు వేల దాకా 24, అంతకు మించితే 48 వోల్టులు అన్నది పనికొచ్చే కొండగుర్తు. 3,000 వాట్ల ఇన్వర్టర్ 12 వోల్టుల మీద 250 ఆంపియర్లకు పైగా లాగుతుంది. అంత కరెంటును నమ్మకంగా మోసే జాయింట్లు ఇంట్లో చేయడం తేలిక కాదు.

మూడో మెట్టు: బ్యాటరీ

ఈ మెట్టు మీద ఎక్కువసేపు ఆగుదాం. జనం 230 వోల్టులకు భయపడతారు, బ్యాటరీని చూసి 12 వోల్టులేగా అంటారు. షాకు విషయంలో అది నిజమే. కానీ బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద స్పానర్ అడ్డంగా పడితే వేల ఆంపియర్లు పారతాయి. స్పానర్ ఎర్రగా కాలుతుంది, రాగి కరిగి చిమ్ముతుంది. ఉంగరం, వాచీ, గొలుసు తీసేసి పని మొదలుపెట్టాలి. రక్షణ కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఇన్సులేటెడ్ స్పానర్ లేకపోతే మామూలు దానికి పట్టుకునే చోటంతా టేపు గట్టిగా చుట్టండి.

ఫ్యూజ్ బ్యాటరీ ప్లస్‌కు ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర పెట్టాలి. ఇన్వర్టర్ పక్కన పెట్టిన ఫ్యూజ్ ఇన్వర్టర్‌నే కాపాడుతుంది. బ్యాటరీ నుంచి అక్కడిదాకా ఉన్న కేబుల్ ఏ రేకు అంచుకో రాసుకుని షార్ట్ అయితే దాన్ని ఆపేది ఏదీ ఉండదు. ఫ్యూజ్ విలువ నడిచే కరెంటు కంటే ఎక్కువగా, కేబుల్ మోయగలిగే కరెంటుకు మించకుండా ఉండాలి. పై ఉదాహరణలో 52 ఆంపియర్లకు పాతిక శాతం కలిపితే 65. మార్కెట్లో దాని పైన దొరికేది 80 ఆంపియర్ల ఫ్యూజ్. మీరు కొన్న 25 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ 80కి మించి మోస్తుందని దాని పట్టికలో చూసుకోండి. ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని పెద్దది వేయడం అంటే, ఇక మీదట కాలాల్సింది కేబుల్ అని నిర్ణయించడమే.

లిథియం బ్యాటరీకి ఇంకో అంకె కూడా చూడాలి: ఫ్యూజ్ ఎంత షార్ట్ సర్క్యూట్ కరెంటును తెంచగలదు అన్నది. లిథియం ప్యాక్ లోపలి రెసిస్టెన్స్ చాలా తక్కువ. వాహనాల్లో వాడే చవక ఫ్యూజ్ అంత కరెంటు ముందు కరిగినా, కరిగిన ఖాళీలో ఆర్క్ (ఖాళీని దూకుతూ మండే కరెంటు మెరుపు) వెలుగుతూనే ఉంటుంది. క్లాస్-టి రకం ఫ్యూజులు 20,000 ఆంపియర్ల షార్ట్‌ను కూడా తెంచేలా తయారవుతాయి. లిథియం బ్యాంకులకు వాటినే వాడమనేది అందుకే.

లగ్గుల (కేబుల్ చివర నొక్కి బిగించే లోహపు కొనల) విషయంలో కక్కుర్తి వద్దు. కేబుల్ సైజుకు సరిపోయే రాగి లగ్గు, హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్. సుత్తితో కొట్టి నొక్కిన లగ్గు పైకి బాగానే కనిపిస్తుంది. నేను చూసిన ఒక ఇంట్లో అలాంటి లగ్గు ఏడాదిపాటు పని చేసింది, ఆ తర్వాత ఒక రాత్రి బ్యాటరీ టెర్మినల్ చుట్టూ ప్లాస్టిక్ అంతా కరిగిపోయింది. బిగించేటప్పుడు లగ్గు రాగి ముఖం టెర్మినల్ లోహానికి నేరుగా ఆనాలి. వాషర్లు దాని పైన రావాలి, మధ్యలో కాదు. చాలా చోట్ల వాషర్ కిందికి పోతుంది. స్టీలు వాషర్ మధ్యలో ఉంటే ఆ జాయింట్ వేడెక్కక తప్పదు. బోల్టును తయారీదారు చెప్పిన టార్క్‌కు బిగించి, మీద మార్కర్‌తో ఒక గీత గీయండి. తర్వాత వదులైతే గీత తప్పిపోయి కనిపిస్తుంది.

రెండు మూడు బ్యాటరీలు పారలల్‌గా కలిపితే ప్లస్ ఒక చివరి బ్యాటరీ నుంచి, మైనస్ రెండో చివరి బ్యాటరీ నుంచి తీయాలి. రెండూ ఒకే బ్యాటరీ నుంచి తీస్తే ఆ ఒక్కటే ఎక్కువ పని చేసి ముందు చస్తుంది. పాతదానితో కొత్తది, లెడ్‌తో లిథియం, ఒక ఏహెచ్‌తో ఇంకో ఏహెచ్ కలపకండి.

ఎక్కడ పెట్టాలి? లెడ్-యాసిడ్ బ్యాటరీ ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. అది గాలి కంటే తేలిక, పైకి పోతుంది. కాబట్టి గది పైభాగాన గాలి బయటికిపోయే దారి ఉండాలి. అదే కారణంతో బ్యాటరీకి సరిగ్గా పైన ఇన్వర్టర్‌ను బిగించకూడదు. మూత ఉన్న అలమారలో బ్యాటరీ పెట్టడం మరీ తప్పు. యాసిడ్ చర్మం మీద గానీ కంట్లో గానీ పడితే ధారగా నీళ్లతో కనీసం పావుగంట కడగాలి, కంట్లో అయితే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. లిథియంలో మామూలు ఛార్జింగ్‌లో ఈ వాయువు గొడవ ఉండదు. కానీ పడకగదిలో, మెట్ల కింద, బయటికి వెళ్లే ఒక్కగానొక్క దారిలో దాన్నీ పెట్టకండి. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు దాన్ని ఛార్జ్ చేయకూడదు.

48 వోల్టుల ఇన్వర్టర్‌కు బ్యాటరీ మొదటిసారి తగిలించగానే టప్పుమని మెరుపు వస్తుంది. లోపలి కెపాసిటర్లు ఒక్కసారిగా నిండటం వల్ల అలా జరుగుతుంది. దడుచుకుని చేతిలోది వదిలేయడం అసలు ప్రమాదం. మాన్యువల్ చెప్పిన ప్రీ-ఛార్జ్ పద్ధతి వాడితే, అంటే కొన్ని సెకన్లు ఒక రెసిస్టర్ ద్వారా కలిపి తర్వాత నేరుగా కలిపితే, ఆ మెరుపు ఉండదు.

నాలుగో మెట్టు: ప్యానెల్ వైపు డీసీ

ఏసీ కరెంటు 50 సైకిళ్ల సరఫరాలో సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది. స్విచ్ తెరిచినప్పుడు పుట్టిన ఆర్క్‌కు ఆరిపోవడానికి అన్ని అవకాశాలుంటాయి. డీసీకి సున్నా అనేదే లేదు. ఆర్క్ పుట్టిందంటే దూరం పెంచేదాకానో, చుట్టూ ఉన్నది కాలిపోయేదాకానో వెలుగుతూనే ఉంటుంది. అందుకే మామూలు ఏసీ ఎంసీబీని (కరెంటు మితిమీరితే తానే పడిపోయే స్విచ్‌ని) ప్యానెల్ లైనులో పెట్టకూడదు. డీసీ అని, ఎన్ని వోల్టులకో స్పష్టంగా రాసి ఉన్న ఐసొలేటర్ (లైనును పూర్తిగా విడదీసే స్విచ్) గానీ ఎంసీబీ గానీ కావాలి. కొన్ని డీసీ ఎంసీబీలకు ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. వాటిని తిరగేసి కలిపితే ఆర్క్‌ను ఆర్పే ఏర్పాటు పని చేయదు, ఆపాల్సిన పరికరమే అంటుకుంటుంది.

ఇక స్ట్రింగ్ (సిరీస్‌లో కలిపిన ప్యానెళ్ల వరుస) లెక్క. ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ అని ఉంటుంది. 550 వాట్ల ప్యానెల్‌కు సుమారు 50 వోల్టులు అనుకుందాం. ఇన్వర్టర్ గరిష్ఠ సోలార్ వోల్టేజీ 150 అని ఉంది. మూడు ప్యానెళ్లు సిరీస్‌లో పెడితే సరిగ్గా 150, సరిపోయింది కదా అనిపిస్తుంది. కానీ స్టిక్కర్ మీది అంకె 25 డిగ్రీల దగ్గర కొలిచింది. ప్యానెల్ చల్లబడే కొద్దీ వోల్టేజీ పెరుగుతుంది, ఒక్కో డిగ్రీకి దాదాపు 0.28 శాతం. 5 డిగ్రీల చలి ఉదయాన ఒక్కో ప్యానెల్ 52.8 వోల్టులు, మూడూ కలిపి 158. సూర్యుడు వచ్చిన మొదటి నిమిషంలోనే ఇన్వర్టర్ ఇన్‌పుట్ పోవచ్చు. ఇలా పోయినదానికి వారంటీ అడిగినా సాధారణంగా ఒప్పుకోరు. ఇక్కడ రెండేసి ప్యానెళ్ల స్ట్రింగులే సరైనవి. మీ ప్రాంతంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత పెట్టి లెక్కేయండి.

రెండు స్ట్రింగులు పారలల్‌గా కలిపితే సాధారణంగా విడి ఫ్యూజులు అక్కర్లేదు. మూడు గానీ అంతకు మించి గానీ ఉంటే ప్రతి స్ట్రింగ్‌కూ సోలార్ డీసీ ఫ్యూజ్ తప్పనిసరి. ఒక స్ట్రింగ్‌లో షార్ట్ వస్తే మిగతావన్నీ కలిసి దానిలోకి కరెంటు తోస్తాయి మరి. ఫ్యూజ్ విలువ ప్యానెల్ స్టిక్కర్ మీద రాసిన గరిష్ఠ ఫ్యూజ్ రేటింగ్ దాటకూడదు.

కేబుల్ సోలార్ కోసమే చేసిన, రెండు పొరల ఇన్సులేషన్ ఉన్నది కావాలి, 4 లేదా 6 చదరపు మిల్లీమీటర్లు. ఇంటి లోపల వాడే వైరు ఎండకు కొన్నేళ్లలో పెళుసెక్కి చిట్లుతుంది. ప్లస్, మైనస్ రెండు వైర్లనూ పక్కపక్కనే తీసుకురండి. రెండూ రెండు దారుల్లో వస్తే మధ్యలో పెద్ద వలయం ఏర్పడుతుంది. దగ్గర్లో పిడుగు పడితే ఆ వలయంలో పుట్టే వోల్టేజీ ఇన్వర్టర్‌ను తినేస్తుంది.

ప్యానెల్ వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టర్లలో ఒక మోసం ఉంది. వేర్వేరు కంపెనీలవి కూడా టక్కున ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి. కానీ లోపలి పిన్నుల కొలతలు వెంట్రుకవాసి తేడాగా ఉంటాయి, అక్కడ వేడి పుడుతుంది. రెండు వైపులా ఒకే కంపెనీ, ఒకే రకం వాడండి. వాటికోసం చేసిన క్రింపింగ్ టూల్‌తోనే నొక్కండి. ఎండలో ప్యానెళ్లు పని చేస్తుండగా ఆ కనెక్టర్ ఊడదీయడం ఎప్పటికీ చేయకూడని పని. ముందు ఐసొలేటర్ ఆఫ్ చేయాలి, క్లాంప్ మీటరుతో కరెంటు సున్నా అని చూడాలి, అప్పుడే తీయాలి. కనెక్టర్లు పైకప్పు మీద నీళ్లు నిలిచే చోట పడి ఉండకుండా ఫ్రేముకు కట్టండి.

ఇన్వర్టర్‌కు తగిలించే ముందు ప్రతి స్ట్రింగ్ వోల్టేజీని, ప్లస్-మైనస్‌ను మీటరుతో చూడండి. కనెక్టర్ ఆకారం సరిపోయింది కాబట్టి పోలారిటీ సరిపోయినట్టే అనుకోవద్దు. క్రింప్ చేసినప్పుడు ప్లస్ కనెక్టర్ మైనస్ వైరుకు పడి ఉండొచ్చు.

ఐదో మెట్టు: ఏసీ వైపు, అసలు చిక్కు

ముందు చేయకూడనిది చెప్తాను. రెండు చివర్లా మగ ప్లగ్గులున్న వైరుతో ఇన్వర్టర్ అవుట్‌పుట్‌ను గోడ సాకెట్‌లో గుచ్చి ఇల్లంతా వెలిగించేవాళ్లున్నారు. మెయిన్ దించితే చాలనుకుంటారు. ఒక్కరోజు దించడం మర్చిపోతే ఆ 230 వోల్టులు మీటర్ దాటి వీధిలోకి పోతాయి. ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందు వెనక తేడా తెలియదు. అది 11,000 వోల్టులను 230కి దించేదైతే, ఇటు నుంచి 230 వెళ్తే అటు 11,000 చేస్తుంది. అక్కడ లైను చచ్చిందనుకుని పట్టుకున్న మనిషి ఉంటాడు. ఆ రెండు ప్లగ్గుల వైరు చేతిలో ఊడితే బయటున్న పిన్నుల్లో మీకే కరెంటు తగులుతుంది.

సరైన దారి ఒకటే. బ్యాకప్ లోడ్లకు విడిగా ఒక చిన్న డీబీ (ఎంసీబీలు ఉండే డిస్ట్రిబ్యూషన్ బోర్డు). దానికి కరెంటు ఇన్వర్టర్ అవుట్‌పుట్ నుంచి మాత్రమే వస్తుంది. ఇన్వర్టర్ ఇన్‌పుట్ మెయిన్ డీబీలోని ఒక ప్రత్యేక ఎంసీబీ నుంచి. ఇన్వర్టర్ రిపేరుకు వెళ్లినా లైట్లు వెలగాలంటే, ఆ చిన్న డీబీ ముందు ఒక ఛేంజోవర్ స్విచ్ పెట్టండి: ఒక వైపు ఇన్వర్టర్, నడుమ ఆఫ్, ఇంకో వైపు నేరుగా లైను. ఒకటి విడిచాకే రెండోది కలిసేలా ఆ స్విచ్ తయారీలోనే అడ్డు ఉండాలి. రెండు ఎంసీబీలు పక్కపక్కన పెట్టి, ఒకటి వేసినప్పుడు ఇంకోటి దించండి అని కాగితం అంటించడం ఛేంజోవర్ కాదు. ఫేజ్‌తో పాటు న్యూట్రల్‌ను కూడా మార్చే డబుల్ పోల్ రకం తీసుకోండి.

ఇక న్యూట్రల్. పాత ఇళ్లలో తలనొప్పి అంతా ఇక్కడే. హాలు లైట్ల ఫేజ్ ఒకచోట నుంచి, న్యూట్రల్ పక్క సర్క్యూట్ నుంచి వచ్చి ఉంటుంది. ఫేజ్‌ను మాత్రం ఇన్వర్టర్‌కు మార్చి న్యూట్రల్‌ను ఇంటి ఉమ్మడి బార్ మీదే వదిలేస్తే, కొన్నిచోట్ల ఆర్సీసీబీ (కరెంటు ఎర్త్‌కు లీకైతే సరఫరా తెంచే స్విచ్) ఊరికే ట్రిప్ అవుతుంది. ఇంకొన్నిచోట్ల మీరు ఆపేశానని నమ్మిన సర్క్యూట్ న్యూట్రల్‌లో కరెంటు పారుతూ ఉంటుంది. మూడు ఫేజుల ఇంట్లో ఇది ఇంకా చెడ్డది. మూడు ఫేజుల సర్క్యూట్లు ఒకే న్యూట్రల్ వాడుకుంటే మామూలుగా వాటి కరెంటులు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆ మూడింటినీ ఒకే సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ మీదికి తెస్తే అవి కూడుకుంటాయి. న్యూట్రల్ వైరుకు ఎంసీబీ లేదు, కాబట్టి అది గోడలోనే కాలుతుంది. బ్యాకప్ వైపు వెళ్లే ప్రతి సర్క్యూట్‌కూ దాని సొంత న్యూట్రల్ ఉండాలి, అది బ్యాకప్ డీబీ న్యూట్రల్ బార్‌కే చేరాలి. ఈ విడదీసే పనికే ఎలక్ట్రీషియన్‌కు ఎక్కువ సమయం పడుతుంది. తొందరపెట్టకండి.

ఆర్సీసీబీ గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. షాకు కొట్టినప్పుడు కరెంటు మనిషి ద్వారా భూమిలోకి వెళ్లి, న్యూట్రల్ ద్వారా తిరిగి మూలానికి చేరాలి. లైను ఉన్నప్పుడు న్యూట్రల్ ఎక్కడో ఒకచోట ఎర్త్‌కు కలిసి ఉంటుంది, కాబట్టి ఆ దారి ఉంటుంది. లైను పోయాక కొన్ని ఇన్వర్టర్లు ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ గ్రిడ్ నుంచి తెంచేస్తాయి. అప్పుడు ఇన్వర్టర్ న్యూట్రల్‌కు ఎర్త్‌తో సంబంధం ఉండదు, లీకేజీ వచ్చినా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ ట్రిప్ కాకపోవచ్చు. దీనికోసం మంచి ఇన్వర్టర్లలో బ్యాకప్ మోడ్‌లో న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపే రిలే ఉంటుంది. కొన్నింటిలో దాన్ని సెట్టింగ్‌లో ఆన్ చేయాలి. ఇన్వర్టర్ న్యూట్రల్‌ను తెంచని రకమైతే పాత కలయికే కొనసాగుతుంది, మీరు ఇంకోటి కలపకూడదు. ఏ సమయంలోనైనా ఆ కలయిక ఒక్కచోటే ఉండాలి. మాన్యువల్‌లో ఈ పేజీ వెతికి చదవకుండా చేత్తో జంపర్ వేయకండి.

ఆర్సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కి, ట్రిప్ అయింది కాబట్టి అంతా బాగుందనుకోవడం ఇక్కడ పనికిరాదు. ఆ బటన్ ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య ఒక రెసిస్టర్ కలుపుతుంది, ఎర్త్ ఉన్నా లేకపోయినా ట్రిప్ అవుతుంది. అది పరికరం బతికుందని మాత్రమే చెబుతుంది. నిజం తెలియాలంటే బ్యాకప్ మోడ్‌లో సాకెట్ దగ్గర మీటరు పెట్టండి. ఫేజ్-ఎర్త్ మధ్య దాదాపు 230, న్యూట్రల్-ఎర్త్ మధ్య సున్నాకు దగ్గరగా వస్తే కలయిక ఉన్నట్టు. రెండు చోట్లా సగం సగం, వంద పైచిలుకు వోల్టులు చూపిస్తే న్యూట్రల్ గాలిలో తేలుతున్నట్టు. ఆ పైన ఎలక్ట్రీషియన్ దగ్గరుండే, ఆర్సీసీబీలను పరీక్షించే ఆర్సీడీ టెస్టర్‌తో ఒకసారి పరీక్ష చేయించండి.

ఇంకో చిన్న విషయం. విడిగా బ్యాటరీ ఛార్జర్ ఉంటే దాన్ని బ్యాకప్ సాకెట్‌లో పెట్టకండి. బ్యాటరీతో నడిచే ఇన్వర్టర్ ఛార్జర్‌ను నడపడం, ఆ ఛార్జర్ అదే బ్యాటరీని నింపడం! మిగిలేది వేడి, ఖాళీ బ్యాటరీ.

ఆరో మెట్టు: ఎర్తింగ్, సర్జ్ రక్షణ

ప్యానెల్ ఫ్రేములు, స్టాండ్, ఇన్వర్టర్ బాడీ అన్నీ పచ్చ-పసుపు వైరుతో ఒకే మెయిన్ ఎర్త్ బార్‌కు చేరాలి. అల్యూమినియం ఫ్రేము పైపూత కరెంటును పారనివ్వదు. స్టార్ వాషర్ గానీ ఎర్తింగ్ క్లిప్ గానీ ఆ పూతను గీరి లోహాన్ని పట్టుకోవాలి. సోలార్‌కు విడిగా ఎర్త్ గొయ్యి తీస్తే దాన్ని ఇంటి ఎర్త్‌తో కలపాలి. విడిగా వదిలేస్తే పిడుగు సమయంలో రెండు ఎర్త్‌ల మధ్య వేల వోల్టుల తేడా వస్తుంది, ఆ తేడాను భరించేది ఇన్వర్టరే. డీసీ వైపు, ఏసీ వైపు సర్జ్ ప్రొటెక్టర్లు (పిడుగు లాంటి వోల్టేజీ పోటును ఎర్త్‌లోకి మళ్లించేవి) పెట్టి, వాటి వైర్లు అర మీటరు దాటకుండా చూడండి.

ప్యానెల్ మైనస్‌ను ఎర్త్ చేయమని ఎవరైనా చెబితే ఆగండి. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఇన్వర్టర్‌కు అలా చేస్తే అది చెడిపోతుంది, మనుషులకూ ప్రమాదమే.

ఏడో మెట్టు: ఆన్ చేసే వరుస

అన్ని స్విచ్‌లూ ఆఫ్‌లో పెట్టి మొదలవ్వాలి. ముందు బ్యాటరీ. ఇన్వర్టర్ తెర వెలగగానే సెట్టింగులు: బ్యాటరీ రకం, ఛార్జింగ్ వోల్టేజీ, ఛార్జింగ్ కరెంటు, ఎక్కడ ఆపాలి అన్నది. 12 వోల్టుల లెడ్-యాసిడ్‌కు ఛార్జింగ్ సుమారు 14.4, ఫ్లోట్ (నిండాక నిలబెట్టే వోల్టేజీ) 13.5 నుంచి 13.8. కరెంటు ఏహెచ్‌లో పదో వంతు, అంటే 150 ఏహెచ్‌కు 15 ఆంపియర్లు. లిథియంకు తయారీదారు ఇచ్చిన అంకెలే వేయాలి, లెడ్ సెట్టింగ్ మీద దాన్ని నడపకండి. తర్వాత సోలార్ ఐసొలేటర్, ఆపైన గ్రిడ్ ఇన్‌పుట్, చివరగా లోడ్లు ఒక్కొక్కటిగా.

ఆపేటప్పుడు తిరగేయండి: లోడ్లు, గ్రిడ్, సోలార్, బ్యాటరీ. సోలార్ తగిలి ఉండగా ముందు బ్యాటరీ తీస్తే కొన్ని ఛార్జ్ కంట్రోలర్లు కాలిపోవచ్చు. మూత విప్పాల్సి వస్తే లోపలి కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి.

ఎనిమిదో మెట్టు: కరెంటు పోయినట్టు నటించడం

మెయిన్ దించండి. బ్యాకప్ లోడ్లు వెలగాలి, మిగతావన్నీ ఆరాలి. ఆరాల్సిన సాకెట్ వెలిగితే ఎక్కడో రెండు సర్క్యూట్లు కలిసి ఉన్నాయి, అక్కడే ఆపి వెతకండి. తర్వాత మెయిన్ డీబీలో, దించిన మెయిన్ స్విచ్‌కు ఇంటి వైపున్న టెర్మినళ్ల మీద ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టాలి. అక్కడ సున్నా రావాలి. ఏ కొంచెం వోల్టేజీ కనిపించినా బ్యాక్‌ఫీడ్ (ఇన్వర్టర్ కరెంటు వెనక్కి లైను వైపు రావడం) ఉన్నట్టే, అది తేలేదాకా మెయిన్ ఎత్తకూడదు. టెస్టర్ స్క్రూడ్రైవర్ దీనికి చాలదు, రెండు ప్రోబుల మీటరే కావాలి.

బ్యాకప్ లోడంతా అరగంట నడిపి, ప్రతి లగ్గు, ఫ్యూజ్, ఎంసీబీ టెర్మినల్ వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూడండి. చేత్తో తాకి చూడటం వద్దు. ఒకే రకం జాయింట్లలో ఒకటి మిగతావాటి కంటే బాగా వేడిగా ఉంటే అది వదులుగా ఉంది. మొదటి నెల తర్వాత అన్నీ ఆపి, గీతలు తప్పాయేమో చూసి మళ్లీ బిగించండి. ఆ తర్వాత ఏడాదికోసారి చాలు. లెడ్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పూర్తి ఛార్జ్ అయ్యాక పోయాలి, ముందు పోస్తే ఛార్జింగ్‌లో పొంగి యాసిడ్ బయటికొస్తుంది. ప్లేట్లు తేలి కనిపిస్తుంటే మాత్రం అవి మునిగేంత ముందే పోసి ఛార్జ్ పెట్టండి. సర్జ్ ప్రొటెక్టర్ కిటికీ ఎర్రబడిందేమో కూడా అప్పుడప్పుడూ చూడండి.

చివరిగా మీటర్ పక్కన వానకు తడవని చోట ఒక కాగితం అంటించండి. ఇంట్లో సోలార్, బ్యాటరీ ఉన్నాయని, బ్యాటరీ ఏ గదిలో ఉందని, ఆపే వరుస ఏమిటని పెద్ద అక్షరాల్లో రాయండి. పగటిపూట ప్యానెల్ నుంచి ఐసొలేటర్ దాకా ఉన్న వైర్లను ఎవరూ ఆపలేరని కూడా రాయండి. మంటలార్పడానికి వచ్చినవాళ్లకు మొదట కావాల్సింది ఆ కాగితమే.